ముక్కుగారి గురువారాలు

ప్రతి గురువారం సాయంత్రం రెస్టారెంటు వెనకగదిలో పన్నెండు కుర్చీలు వేసి, ఒక్కో కుర్చీ ముందు మూడేసి గ్లాసులు పెట్టి, ఆరు వైన్ సీసాలను తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత వరసగా నిలబెట్టడం ఆమె పని. ఆ రెస్టారెంటులో ఆమె వైన్ వడ్డించబట్టి అప్పటికి పదిహేడేళ్లు. ఏ వంటకం పక్కన ఏ వైన్ పెడితే రెండూ బాగుంటాయో వచ్చినవాళ్లకి చెప్పడం ఆమె ఉద్యోగం. గురువారాలు మాత్రం సరదా కోసం. ఊళ్లో వైన్ మీద మోజున్నవాళ్లు పదిమంది అయిదింటికి చేరి, వంటగదిలోంచి వచ్చే చిన్న చిన్న పళ్లేలతో కలిపి రుచి చూసి, నాలుగు కబుర్లాడుకుని ఏడింటికల్లా ఇళ్లకి పోయేవారు.

ఆమె ఇంకా కుర్చీలు సర్దుతుండగానే అన్నయ్య వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. వచ్చీ రాగానే సీసాల జోలికి పోడు. ఖాళీ గ్లాసు ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు.

“తుడిచిన గుడ్డ సరిగ్గా ఆరలేదే. గ్లాసంతా ముక్కిపోయిన వాసన.”

ఆమె కూడా వాసన చూసేది. మొదటిసారి ఏమీ తెలిసేది కాదు. రెండోసారికి తెలిసేది. ఇక చేసేదేముంది, ముప్పై ఆరు గ్లాసులూ మళ్లీ వేడినీళ్లలో ముంచి కొత్త గుడ్డతో తుడిచేది. గురువారాలవాళ్లు ఆయన్ని ముక్కుగారని పిలిచేది అందుకే. అలా పిలిస్తే ఆయన మురిసిపోయేవాడు.

ఆమెకి ఈ విద్య నేర్పింది ఆయనే. ఒకప్పుడు ఆమె లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేది. అన్నయ్య పెద్ద హోటల్లో వైన్ వడ్డించేవాడు. ఆదివారం పూట చెల్లెల్ని కూర్చోబెట్టి, కళ్లకి తువ్వాలు కట్టి, ముక్కు కింద ఒక్కో వస్తువూ పెట్టేవాడు. మిరియాలు, పెన్సిలు చెక్కిన పొట్టు, తుప్పుపట్టిన మేకు, ఎండిన నిమ్మతొక్క. తప్పు చెబితే మొట్టికాయ. “ముక్కు మీద కోపముంటే చాలదే, ముక్కులో బుద్ధి ఉండాలి,” అనేవాడు. రెండేళ్లు అలా మొట్టికాయలు తిని ఆమె ఈ రెస్టారెంటులో చేరింది. ఆమె చేరిన పదేళ్లకి అన్నయ్య ఉద్యోగం పోయింది. హోటల్లో మనుషుల్ని తగ్గించారని అందరికీ చెప్పుకున్నాడు. నిజానికి పట్టపగలు సీసాల గదిలో నేలమీద పడి నిద్రపోతుంటే మేనేజరు చూశాడు. ఆ సంగతి ఆమెకీ వదినకీ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇద్దరూ నోరు మెదపలేదు.

కానీ గురువారం గదిలో ఆయన ఆయనే. ఒకసారి రిటైరైన లెక్కల మేష్టారు, గురువారాలకి మొదటినుంచీ వస్తున్న మనిషి, అడిగాడు.

“ముక్కుగారూ, చేపకి తెల్లది, మాంసానికి ఎర్రది అని సూత్రం కదా. మరి ఇవాళ చేప పక్కన ఎర్రది పెట్టారేమిటి?”

“సూత్రాలు మీ లెక్కల్లో ఉంటాయి మేష్టారూ. వైన్, వంట పక్కపక్క ఇళ్లవాళ్ల లాంటివి. ఒకరి గోలలో ఇంకొకరి మాట మునిగిపోకపోతే చాలు. ఈ చేపని నిప్పుల మీద కాల్చారు, పొగ పట్టింది. పక్కన తెల్లది పెడితే పాపం దాని గొంతు వినపడదు. ముందు చేప ఒక ముక్క నమలండి. మింగెయ్యకండి. ఇప్పుడు వైన్ ఒక గుక్క పుచ్చుకోండి.”

మేష్టారు అలాగే చేశాడు. తర్వాత ఇంకో ముక్క కోసం చెయ్యి చాపాడు.

ఆ మొదటి గంట కోసమే జనం వచ్చేవారు. రెండో గంటలో ఆయన మాట కొద్దికొద్దిగా ముద్దయ్యేది, చెప్పిందే చెప్పేవాడు. పెద్దాయన హుషారుగా ఉన్నాడని నవ్వేవారు. ఆమె మాత్రం ఆయన గ్లాసుకేసి చూస్తూ ఉండేది.

ఆ ఏడాది చలి మొదలయ్యేసరికి అన్నయ్య కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరు దగ్గరికి వదిన తీసుకెళ్లింది. తిరిగొచ్చి ఆ మాట చెల్లెలికి ఆయనే చెప్పాడు, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు.

“లివరు అరిగిపోయిందిట. చుక్క కూడా తగలకూడదన్నాడు. ఆ డాక్టరు దగ్గర చవక సెంటు వాసన. అలాంటి ముక్కున్నవాడి మాట ఎలా నమ్మడం చెప్పు.”

ఆమె నవ్వలేదు. ఆ వారం ఎవరికీ కారణం చెప్పకుండా గురువారాన్ని బుధవారానికి మార్చింది. అందరికీ కబురు పెట్టింది, అన్నయ్యకి తప్ప. బుధవారం నాలుగూ ముప్పావుకి తలుపు తోసుకుని అన్నయ్య వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా. దారిలో మేష్టారు కనపడి, రోజు మారింది మర్చిపోకండని చెప్పాడట. చెల్లెల్ని ఒక్క మాట అనలేదు. గ్లాసు తీసి వాసన చూశాడు. “ఇవాళ బాగా తుడిచావు,” అన్నాడు.

తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది.

మర్నాడు ఇంటికి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. వదిన పక్కగదిలో మిషను కుడుతోంది. ఆవిడ బట్టలు కుట్టే ఇల్లు గడుపుతోంది.

“రావద్దనను అన్నయ్యా. నేను వద్దంటే నువ్వు ఇంకెక్కడికో పోతావు. రా. వాసన చూడు, నోట్లో పోసుకో, ఉమ్మెయ్యి. మేం పనిలో చేసేది అదే కదా. నువ్వు నేర్పిందే.”

“ఉమ్మేస్తాను,” అన్నాడు అన్నయ్య. “నీ మీద ఒట్టు.”

పక్కగదిలో మిషను ఆగింది. మళ్లీ మొదలైంది.

రుచి చూసే బల్ల చివర మూత ఉన్న స్టీలు బకెట్టు ఒకటి ఉండేది. ఉమ్మదల్చుకున్నవాళ్లు అందులో ఉమ్ముతారు. గ్లాసుల్లో మిగిలింది కూడా అందులోనే ఒంపుతారు. గురువారాలు మళ్లీ గురువారాలయ్యాయి. అన్నయ్య మాట నిలబెట్టుకున్నాడు. ప్రతి గుక్కా నోట్లో తిప్పి, తల వంచి, శుభ్రంగా ఉమ్మేవాడు. మూడు వారాలు, ఆరు వారాలు. రెండో గంటలో కూడా మాట ముద్దవడం లేదు. ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది. వదిన జేబులున్న ఆప్రాన్ ఒకటి కుట్టి ఆడబిడ్డకి పంపింది. మధ్యలో బకెట్టు నిండితే అన్నయ్యే లేచేవాడు. “నువ్వు వడ్డించుకో, నేను పారబోసి వస్తాను,” అని వంటింటి వెనక తొట్టి దగ్గరికి తీసుకెళ్లేవాడు. పెద్దాయన చేత ఆ పనేమిటని మేష్టారు నొచ్చుకునేవాడు కూడా.

తొమ్మిదో వారమో, పదో వారమో. పుట్టగొడుగుల పళ్లెం రావడం ఆలస్యమైందని ఆమె వంటగదిలోకి వెళ్లింది. వంటాయన ఇంకో నిమిషం ఆగమన్నాడు. ఆగుతూ వెనక తలుపులోంచి చూసింది. తొట్టి పక్కన అన్నయ్య నిలబడి ఉన్నాడు. ఎడమచేత్తో బకెట్టు మూత పట్టుకున్నాడు. కుడిచేతిలో కాఫీ కప్పు. ఆ కప్పు బకెట్టులో ముంచి తాగుతున్నాడు. తొందరేమీ లేదు. మందు తాగినట్టు, కళ్లు మూసుకుని.

పాలలో నలుసు కనిపిస్తే గ్లాసంతా పారబోసే మనిషి ఆయన. వాసన సరిగ్గా లేదని హోటల్లో పెద్దవాళ్ల ముందే సీసా వెనక్కి పంపించిన మనిషి.

ఆమె వెళ్లి బకెట్టు పట్టుకుంది. ఆయన కళ్లు తెరిచాడు. వదల్లేదు. ఇద్దరి చేతుల మధ్యా బకెట్టు ఊగి కొంత నేలమీద ఒలికింది. ఆయన చేతుల్లో అంత బలం ఉందని ఆమె అనుకోలేదు.

“వదులు అన్నయ్యా.”

“నువ్వు లోపలికెళ్లు.”

“పదిమంది ఉమ్మింది. అన్నయ్యా, పదిమంది ఉమ్మింది.”

“తెలుసు,” అన్నాడు. గొంతులో కోపం లేదు. “లోపలికెళ్లవే. వాళ్లు ఎదురు చూస్తూంటారు.”

ఆమె చేతులు వదిలేశాయి. వంటాయన పళ్లెం అందిస్తే తీసుకుని వెనకగదిలోకి నడిచింది. అయిదో వైన్ మూత తీసింది. ముక్కుగారేరీ అని ఎవరో అడిగారు. వస్తున్నారంది. అయిదు నిమిషాలకి ఆయన మొహం కడుక్కుని వచ్చి, అయిదో వైన్ వాసన చూసి, ఆ పుట్టగొడుగులకి ఇది ఎందుకు నప్పిందో చెప్పాడు. ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు. మేష్టారు చప్పట్లు కొట్టాడు. చెప్పడం అయ్యాక అన్నయ్య తల వంచి, ఖాళీ చేసి తెచ్చిన బకెట్టులో ఉమ్మాడు.

మర్నాడు ఆమె వదినకి చెబుదామని వెళ్లింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక కత్తిరింపు ముక్కలు ఏరుతూ కూర్చుంది.

“బకెట్టు సంగతేనా?” అంది వదిన.

“నీకు తెలుసా?”

“చొక్కాలు ఉతికేదాన్ని నేనే కదా. కుడిచేతి అంచు నిండా ఎర్రటి మరకలు. ఉమ్మేవాడి చెయ్యి బకెట్టులోకి ఎందుకు పోతుంది?”

“మరి నాకెందుకు చెప్పలేదు వదినా?”

వదిన సూదిలోకి దారం ఎక్కించింది. “చెబితే నువ్వు ఆపించేస్తావు. ఆపిస్తే వేరేచోటికి పోతాడు. అక్కడైతే నువ్వుంటావు కదా అనుకున్నాను. ఏడేళ్లుగా ఇలాగే ఏదో ఒకటి అనుకుంటూనే ఉన్నాను.”

అయినా ఆమె ఆపించేసింది. తన ఆరోగ్యం బాగాలేదని రెస్టారెంటు యజమానురాలికి చెప్పి గురువారాలు మానేసింది. వదిన అన్నట్టే అయింది. వెనకవీధి వైన్ దుకాణాయన మంగళవారాలు మొదలుపెట్టి, ముక్కుగారూ మీరు రావాలని స్వయంగా పిలిచాడు. అక్కడ బకెట్టు కూడా లేదు. గ్లాసు ఖాళీ అయితే నింపుతారు. ఆమె ఆ దుకాణానికి వెళ్లింది. కొంతసేపు సీసాలు చూస్తున్నట్టు నటించింది. ఇన్నాళ్లూ దాచుకున్న మాట చివరికి పరాయివాడి ముందు చెప్పేసింది.

“మా అన్నయ్యకి పొయ్యకండి. లివరు పాడైంది. తాగితే బతకడని డాక్టరు చెప్పాడు.”

దుకాణాయన మంచివాడే. నిజంగా బాధపడ్డాడు. “అయ్యో, నాకు తెలియదమ్మా. అలాగే.” తర్వాతి మంగళవారం ఆమె వెళ్లి చూస్తే అన్నయ్య ముందు గ్లాసుంది. దుకాణాయన ఆమెను పక్కకి పిలిచాడు. “మరీ ఏమీ పొయ్యకపోతే అందరిలో బాగుండదు కదమ్మా. సగమే పోశాను.”

అప్పటినుంచి ఆమె కూడా మంగళవారాలు వెళ్లి అన్నయ్య పక్కన కూర్చునేది. ఎన్ని సగాలు పోశారో చూడటం తప్ప చేసిందేమీ లేదు. అయ్యాక చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించేది. ఎంత అన్యోన్యంగా ఉన్నారో అన్నాచెల్లెళ్లు అని అక్కడివాళ్లు అనుకునేవారు. దారిలో ఆయన పాత హోటలు కబుర్లు చెప్పేవాడు. మలుపు దగ్గర ఊపిరాడక ఆగేవాడు. ఆగినప్పుడు కూడా చెల్లెలి మొహం చూసేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, “నా వల్ల కావట్లేదే,” అన్నాడు. “నడు అన్నయ్యా, చలిగా ఉంది,” అంది ఆమె.

పదకొండు మంగళవారాలు అలా గడిచాయి. పన్నెండోదానికి ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పొట్ట ఉబ్బింది, కాళ్లు ఉబ్బాయి. చేసేదేమీ లేదని డాక్టరు వదినతో చెప్పేశాడు. మధ్యాహ్నం ఆమె వెళ్లేసరికి మెలకువగానే ఉన్నాడు.

“ఇవాళ మంగళవారం కదూ? వెళ్లిరా. ఏం పోశారో, పక్కన ఏం పెట్టారో చూసొచ్చి చెప్పు.”

“ఇప్పుడెందుకు అన్నయ్యా అవన్నీ?”

“వెళ్లవే.”

ఆయన కోసం ఆమె చేయగలిగిన పని అదొక్కటే మిగిలింది. వెళ్లింది. ఆరు వైన్లూ రుచి చూసి, పెరట్లోకి వెళ్లి ఉమ్మి, ఒక్కొక్కదాని గురించీ కాగితం మీద రాసుకుంది. తిరిగొచ్చేసరికి ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

“చదువు,” అంది వదిన. “వినపడుతుందేమో.”

ఆమె చదివింది. మొదటిది ఎండుగడ్డి వాసన, మేక జున్నుతో పెట్టారు. రెండోదానిలో పచ్చి యాపిల్, వెనక కాస్త తేనె. మూడోది ఉప్పు చేపతో బాగోలేదు, చేదు తిరిగింది. ఆరూ చదివి కాగితం మడిచింది. అన్నయ్య కదల్లేదు.

“ఇన్ని వాసనలుంటాయా అందులో?” అడిగింది వదిన. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడ వైన్ ముట్టలేదు. “ఆయన ఇంటికొచ్చినప్పుడు నాకు ఎప్పుడూ ఒక్కటే వాసన వచ్చేది.”

నర్సు వచ్చి, రాత్రికి ఒక్కరే ఉండాలంది. ఎవరుండాలన్న దానిమీద వదినా ఆడబిడ్డలు కాసేపు వాదించుకున్నారు. చివరికి వదినే ఉంది. శనివారం పొద్దున్న ఆయన పోయేటప్పుడు కూడా పక్కన వదినే ఉంది. ఆమెకి కబురు అందేసరికి రెస్టారెంటులో మధ్యాహ్నం భోజనాలవాళ్లు అప్పుడప్పుడే వస్తున్నారు. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక జంట, కాల్చిన మాంసంలోకి ఏది బాగుంటుందో చెప్పమని అడుగుతున్నారు. చెప్పి, సీసా తెచ్చి, మూత తీసి, ఇద్దరికీ పోసి, అప్పుడు ఆప్రాన్ విప్పింది.