వెనకవైపు కాగితాలు

మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరు ఏం రాశారో అందరికీ తెలుసు. ఎవరు ఏం కొట్టేశారో మాత్రం ఒక్క అక్కకే తెలుసు.

అక్క అంటే నాకు సొంత అక్కేం కాదు. యూనివర్సిటీ ఇంగ్లీషు విభాగంలో ఆమె అటెండరు, నేను టైపిస్టుని. గదులు తుడవడం, టీలు అందించడం, సాయంత్రం చెత్తబుట్టలు ఖాళీ చెయ్యడం ఆమె పని. కథలు రాయడం నేర్పే కోర్సు కూడా మా దగ్గరే ఉంది కాబట్టి బుట్టల నిండా కాగితాలే.

వాటిలో ఒకవైపు ఖాళీగా ఉన్నవి ఏరి, అరచేత్తో సాపు చేసి, సూదీ దారంతో పుస్తకాలుగా కుట్టుకునేది అక్క. ఖాళీవైపు తను రాసుకునేది, రెండోవైపు చదివేది. ఒకే కథవి ఎనిమిది చిత్తుప్రతులు దొరికితే వాటిని వరసగా పేర్చుకుని, ఈ పిల్లాడు ఈ వాక్యం ఎందుకు కొట్టేశాడా అని ఆలోచించేది. పదహారేళ్ళు ఇదే తంతు. మధ్యాహ్నం పూట నా డిక్షనరీ పట్టుకెళ్ళి మెట్ల కింద తన బల్ల దగ్గర కూర్చునేది. అది నా చేతికి తిరిగొచ్చేసరికి అట్ట ఊడిపోయింది.

"పోనీలే తమ్ముడూ, లోపలివి ఉన్నాయిగా" అంది.

నలభై నాలుగో ఏట ఆ కోర్సులోనే చేరతానని దరఖాస్తు పెట్టింది. స్టాఫ్‌కి ఒక సీటుంది. అది జీవితంలో ఒక్కసారే ఇస్తారు. ఏ ఒక్క పేపరు పోయినా మళ్ళీ రాయనివ్వరు, డిగ్రీ మాట మర్చిపోవాల్సిందే. మా హెడ్డుగారు దరఖాస్తు చూసి పెదవి విరిచారు. ఆయనకి ముక్కుమీద కోపం, జేబులో ఆకుపచ్చ సిరా పెన్ను. ఈ రెండూ లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"నీకెందుకమ్మా ఇదంతా? టీ కప్పులెవరు కడుగుతారు?" అన్నారు.

"క్లాసులు సాయంత్రమేగా సార్. కప్పులు కడిగేసే వస్తాను."

అడిగినదానికి జవాబు రావడంతో ఇక సంతకం పెట్టక తప్పలేదు. దాచడమెందుకు, నేనూ నమ్మలేదు. పాపం, సరదా తీరనీలే అనుకుంటూ ఆ దరఖాస్తు టైపు చేశాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మొదటి ఏడాది ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. వ్యాకరణం పేపరు బొటాబొటి మార్కులతో గట్టెక్కింది. కుర్రకారు ఆమెకి బుట్టక్క అని పేరు పెట్టి, వెనక బెంచీల్లో కిసుక్కుమనేవాళ్ళు. రెండో ఏడాది ఒకడు తన కథ చదివాడు. అందరూ ఆహా ఓహో అన్నాక అక్క మెల్లగా చెప్పింది.

"బాబూ, నిరుడు ఇదే కథని 'నాన్న గడియారం ఇంటికి రాలేదు' అని మొదలుపెట్టి కొట్టేశావు. అదే బాగుంది."

వాడు గుడ్లప్పగించి చూశాడు. మర్నాటికి ఆ వాక్యం కథ మొదట్లోకి తిరిగొచ్చింది. ఇక అప్పట్నుంచి పిల్లలు కాగితాలు బుట్టలో వెయ్యడం మానేసి తెచ్చి ఆమె చేతికే ఇచ్చేవాళ్ళు. బుట్టక్క అనే పిలుపు మాత్రం మారలేదు గానీ, పిలిచేటప్పుడు లేచి నిలబడేవాళ్ళు.

మూడో ఏడాది మిగిలిన పేపర్లన్నీ గట్టెక్కాక ఆఖరిది ఒక్కటే ఉంది. సొంతంగా ఇంగ్లీషులో రాసిన కథని, బయట్నుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు పైకి చదవాలి. అది తమ సొంతమే అని రుజువుకి చిత్తుప్రతులన్నీ కట్టగా ఇవ్వాలి. మార్కులు ఎక్కించడానికి నేను మూలన కూర్చున్నాను. హెడ్డుగారు పరీక్షాధికారి పక్కనే ఉన్నారు.

అక్క తలుపు తీసుకుని వచ్చింది. పరీక్షాధికారి తలెత్తకుండానే "అమ్మా, కాసిని మంచినీళ్ళు" అన్నారు. తెచ్చి బల్లమీద పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుని కాగితాలు సర్దుకుంది. ఆయన గ్లాసు ఎత్తినవారు ఎత్తినట్టే ఆగిపోయారు. నాకు నవ్వాగలేదు, దగ్గినట్టు నటించాను.

కథ ఆమె అమ్మది. ఇస్త్రీ కొట్లో పనిచేసే అమ్మ ఒకరోజు ఎవరిదో కొత్త చొక్కా కాల్చేస్తుంది. పొట్టి పొట్టి వాక్యాలు, నేనైనా రాయగలిగినంత తేలిక ఇంగ్లీషు. రాయగలిగినంత అన్నానే గానీ నా వల్ల అయ్యే పని కాదు. ఆఖరి మాటలకి అర్థం ఇది: అమ్మ ఆ చొక్కాని దాచలేదు. గుమ్మానికి తగిలించి, వాళ్ళు వచ్చేదాకా దాని పక్కనే నిలబడింది.

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

పరీక్షాధికారి చిత్తుప్రతుల కట్ట విప్పి తిరగేస్తూ ఒకచోట ఆగారు. మొహం మారిపోయింది.

"ఇది మీరు రాసింది కాదు. ఈ డాబు భాష మీది కాదు, ఈ దస్తూరీ మీది కాదు. ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

నేను కూర్చున్నచోటికి కూడా ఆకుపచ్చ సిరా కనిపిస్తోంది.

"అది వెనకవైపండీ. కాగితం తిప్పండి, నాది అటుంది. ఆ కాగితాలు చెత్తబుట్టలోవి."

ఆయన తిప్పి చూశారు గానీ అనుమానం పోలేదు. "ఎవరివో తెలిస్తే వాళ్ళని అడిగి, కథ మీదేనని రాసుకుంటాను. తెలియకపోతే ఈ పేపరుకి మార్కులు వెయ్యలేను. ఎవరివి?"

ఒక్క పేరు చెబితే చాలు. మూడేళ్ళ చదువు, జన్మకి ఒక్క సీటు, అన్నీ ఆ పేరుకి ముడిపడి ఉన్నాయి. ఆ పెద్దమనిషి పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చెప్పేయ్ అక్కా అని అరవాలనిపించింది.

"ఎవరేం పారేశారో చెప్పడం నా ఉద్యోగంలో లేదండీ" అంది అక్క.

పరీక్షాధికారి పెన్ను మూత పెట్టేశారు. అప్పుడు హెడ్డుగారి కుర్చీ కిర్రుమంది.

"అది నాది" అన్నారాయన, లేచి నిలబడి. "పదేళ్ళుగా రాస్తున్న నవల. ముందుకి కదలదు. ఆవిడ కథలో నా ముక్క ఒక్కటి కూడా లేదు. ఉంటే ఇంత బాగుండేది కాదు."

పరీక్షాధికారి ఆ ఆకుపచ్చ పేజీని ఇంకోసారి చదివారు. "అవును, ఉండేది కాదు" అని పెన్ను మూత తీశారు. హెడ్డుగారి చెవులు ఎర్రబడ్డాయి గానీ, ఆయన కూర్చోలేదు.

ఆ పేపర్లో మొదటి మార్కు అక్కదే. జాబితా టైపు చేసింది నేనే. మొదటి వరస ఒకటికి మూడుసార్లు సరిచూసుకున్నాను, తప్పుందని కాదు, మళ్ళీ చూడాలనిపించి. నోటీసు బోర్డు దగ్గర పిల్లలు చేసిన గోలకి పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు తలుపులేసుకున్నారు. అక్క జాబితా చదువుకుని, కళ్ళు తుడుచుకుని, టీ పెట్టడానికి వెళ్ళింది.

సోమవారం సాయంత్రం చూస్తే హెడ్డుగారి బుట్ట ఖాళీ. మెట్ల కింద అక్క బల్లమీద మాత్రం లావుపాటి కట్ట, అంతా ఆకుపచ్చ సిరా. పైన గుండుసూదితో గుచ్చిన చీటీ: "తీరిక చూసుకుని చదవండి. ఎక్కడ కొట్టెయ్యాలో చెప్పండి."

ఇన్నేళ్ళలో ఆయన అక్కని ఒక్కసారైనా 'మీరు' అనలేదు. చీటీని ఆమె రెండుసార్లు చదువుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి పెన్సిల్ అడిగింది. ఇచ్చాను.

కూర్చుని, మొదటి పేజీ మొత్తం కొట్టేసింది.