సందెమ్మ కుర్చీ

విశ్వేశ్వర్‌కు పొద్దులన్నీ చుట్టాలే. తెల్లవారుజాము కొత్తకోడలట, చప్పుడు చేయకుండా వచ్చి వెలుగు ముగ్గేసి పోతుందట. మిట్టమధ్యాహ్నం అలిగిన అల్లుడట, కంటబడకుండా తలుపేసుకోవడమే మర్యాదట. ఇక సాయంత్రం అంటే సందెమ్మ. ఆమె మీదనే మూడు నోటుబుక్కుల నిండా కవితలు రాశాడు.

ఆయన ఇల్లు మిర్యాలగూడలో బియ్యం మిల్లుల వెనక వీధిలో. రోజూ సాయంత్రం ఆయన ఇంటిముందు వేపచెట్టు కింద నీలం ప్లాస్టిక్ కుర్చీ వేసి, ప్రహరీ గోడ మీద చాయ్ గ్లాసు పెట్టి, పైన సాసర్ మూతపెట్టేవాడు. ఎవరైనా కూర్చోబోతే రెండు చేతులూ అడ్డం పెట్టేవాడు.

"గది సందెమ్మది!"

ఎదురింటి ఈశ్వరమ్మ చదివింది నాలుగో తరగతే. అయినా తాలింపు చప్పుడును బట్టి ఎవరింట్లో ఏ కూరో చెప్పేస్తుంది. ఆమె కన్ను వీధి మీద లేనిది రోజుకు ఒక్క గంటే, ఐదింటి సీరియల్ వచ్చేటప్పుడు. సీరియల్ అయిపోయి బయటికొచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉండేది.

"చాయ్ ఎవలు తాగిన్రు తమ్మీ?"

"సందెమ్మ. కొత్త కవిత రాసిన, ఇనక్కా."

"వద్దన్నా ఆగుతవా? సదువు."

*ఊక దుమ్ము జుట్టుల, ఎర్రకొంగు నెత్తిన*
*మిల్లు గోడ దాటి వచ్చె సందెమ్మ*
*మోకాళ్లు నొస్తున్నయట, జర కూసోనియ్యుండ్రి*

"సందెపొద్దుకు మోకాళ్ల నొప్పులేందయ్యా! దవాఖానల సూపిచ్చినవా?"

"సూపిస్తనంటే వద్దన్నదక్కా."

లోపలి నుంచి ఆయన భార్య శ్యామల అరిచింది. "నా మోకాళ్లు నొస్తే మాత్రం ఒక్క ముక్క రాయడు వదినా!"

ఇంతలో ఈశ్వరమ్మ మనవరాలు సింధు ఓణీల ఫంక్షన్ వచ్చింది. వీధిలో కుర్చీలన్నీ టెంటు కిందికి చేరాయి. ఇంకొక్కటి తక్కువైతే ఈశ్వరమ్మ ఆ నీలం కుర్చీ మీద చెయ్యేసింది.

"ఒక్క పూట నీ సందెమ్మ నిలవడ్తది తియ్యి!"

"ఇంక నిలవడలేదక్కా! పొద్దట్నుంచి నిలవడే ఉన్నది!" విశ్వేశ్వర్ వెంటపడ్డాడు. టెంటంతా గొల్లున నవ్వింది.

ఫంక్షన్ హడావుడిలో ఆ రోజు సీరియల్ చూడలేదు. అందుకే ఐదింటికి ఈశ్వరమ్మ కన్ను వీధి మీదే ఉంది. మిల్లులో ధాన్యం చెరిగే సాలి కుంటుకుంటూ వచ్చింది. నెత్తిన ఎర్రకొంగు, జుట్టు నిండా ఊక. వేపచెట్టు కింద చూసి, ఖాళీ నేల కనబడేసరికి చెట్టును పట్టుకుని నిలబడిపోయింది.

"అరుగు మీద కూసో సాలీ," అంది శ్యామల.

"వద్దమ్మా. ఒకరి ఇంట్ల కూసుంటే నాకు మంచిగనిపియ్యది. గా కుర్చీ అయితే సందెమ్మది, మనుషులది కాదు గదా. ఆమె వచ్చేదాంక కూసొమ్మని అయ్య చెప్పిండు. తండా ఆటో వచ్చేదాంక కూసుంటుంటి."

ఈశ్వరమ్మ విశ్వేశ్వర్ వైపు చూసింది. ఆయన దొరికిపోయిన దొంగలా వేపాకులు లెక్కపెడుతున్నాడు. ఊక, ఎర్రకొంగు, మోకాళ్లు. కవితలో ముక్క ముక్కా ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

గబగబా టెంటులోకి పోయింది. నీలం కుర్చీలో స్వయానా ఆమె వియ్యపురాలు లడ్డూ తింటోంది.

"లే వదినా. కుర్చీ గలామె వచ్చింది."

లడ్డూ చేతిలో ఉండగానే వియ్యపురాలిని లేపి, కుర్చీ మోసుకొచ్చి సాలి ముందు వేసింది.

"సందెమ్మకు ఇయ్యాల జర ఆలస్యమైతదట. అందాక నిన్నే కూసొమ్మన్నది."

వియ్యపురాలు నెల రోజులు మాట్లాడలేదు. అది వేరే సంగతి.

మర్నాడు ఐదింటికి ఈశ్వరమ్మ ఇంట్లో టీవీ మోగలేదు. వేపచెట్టు కింద రెండు కుర్చీలు కనబడ్డాయి.

"గీ రెండోది ఎవలిదక్కా?" అన్నాడు విశ్వేశ్వర్ బిత్తరపోయి.

"చీకటమ్మది. ఆమె వచ్చేదాంక నేను కూసుంట." ఈశ్వరమ్మ కుర్చీని సాలి దగ్గరికి జరుపుకుంది. "ఇగ చెప్పు బిడ్డా. మీ తండాల ఎవరెవరుంటరు? మొదటి ఇంటికాంచి రా!"