అమ్మ పలకరించే పెట్టె

మా రొయ్యల గుంట కట్ట మీద రేకుల షెడ్డు ఒకటి ఉంది. అందులో గోడకు బిగించిన ఇనప పెట్టె. గుంటలో నీళ్ళను చిలికి రొయ్యలకు ఊపిరి అందించే చక్రాలను ఏరియేటర్లంటారు. వాటన్నిటికీ కరెంటు ఆ పెట్టెలోంచే పోవాలి. చక్రాలు కాసేపు ఆగితే చాలు, రొయ్యలు పైకి తేలతాయి, మా సంసారం మునుగుతుంది. అంతటి పెట్టెను ఉత్త పెట్టెలా వదిలేస్తాడా మా మామ? దాని తలుపుకు అమ్మవారి పటం బిగించాడు. పటం అచ్చొత్తింది రాగిరేకు మీద, దానికి ఇత్తడి చట్రం, పసుపూ కుంకుమా, దండ, కింద అగరుబత్తీల స్టాండు. పక్క గోడ మీద ఎవరో ఎర్రరంగుతో గీసిన పుర్రె బొమ్మ, దాని కింద 'అపాయం' అన్న మాట. ఆ పుర్రెకు కూడా రోజూ బొట్టు పెట్టేవాడు.

పొద్దున్నే ఆయనకొక పద్ధతి ఉంది. కాలవలో కాళ్ళూ చేతులూ కడుక్కుంటాడు. షెడ్డు బయట చెప్పులు విడుస్తాడు. ఆ తడికాళ్ళతోనే లోపలికి పోయి, అమ్మవారి పాదాలు తాకి కళ్ళకద్దుకుంటాడు. ఆ తర్వాతే స్విచ్చి. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఒకరోజు కాఫీ తీసుకుపోయి గుమ్మంలో నిలబడి చూశాను. పటం తాకగానే ఆయన చెయ్యి విదిలించినట్టు వెనక్కొచ్చింది.

"ఏంది మామా, ఏమైంది?" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోతోంది. "అమ్మ పలకరించిందిమే! దినామూ పలకరిస్తాది. వానపడిన దినం ఇంకా గట్టిగా పలకరిస్తాది."

మాది మెట్ట ఊరు, వరి, బోర్లు. చిన్నప్పుడు మా పక్కింటాయన బోరు మోటారు స్టార్టరు దగ్గర అట్లాగే తడికాళ్ళతో నిలబడి స్విచ్చి వేశాడు. ఆయన్ను మంచం మీద ఇంటికి మోసుకొచ్చారు. ఆ ఇంట్లో లేచిన ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది. ఆ పలకరింపు ఎవరిదో నాకు తెలుసు.

"మామా, అది అమ్మ కాదు, కరెంటు!" అన్నాను, కొత్తకోడలినన్న సంగతి మరిచిపోయి.

"కరెంటు మాత్రం ఎవురిచ్చింది? అమ్మే గదా" అని కాఫీ గ్లాసు అందుకున్నాడు.

ఆయనొక్కడే అయితే ఎట్లాగో సర్దుకునేదాన్ని. పక్క గుంట ఆసామి, మా మామకు చిన్నప్పటి జతగాడు, ఆయనొకడు తోడు. తన పంటకు తెగులొచ్చినప్పుడల్లా మా షెడ్డుకు వచ్చి అమ్మ పాదాలు తాకి, ఉలిక్కిపడి, తృప్తిగా వెళ్ళేవాడు. "నీ అమ్మ పవరున్న అమ్మ, అబ్బయా" అనేవాడు. పవరేనయ్యా స్వామీ, పవరే, అని నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

మా ఆయనకు చెప్తే, "మా నాయనకు నువ్వే చెప్పు, నా మాట వినడు" అన్నాడు. మా అత్తకు చెప్తే, "పెళ్ళైనకాడ్నించి నేను చెప్పిందొక్కటి విన్నాడా, ఇది వినేదానికి?" అంది. రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చి ఇచ్చాను. అమ్మ ముందర చెప్పులేసుకుంటే కళ్ళు పోతాయన్నాడు. నాకు నోరు ఆగదని ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి, నేను రోజూ అరవడం, ఆయన రోజూ నవ్వడం అలవాటైపోయింది. అలవాటు కానిది నా భయం ఒక్కటే. పొద్దున ఆయన కట్ట మీదికి పోయిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు.

అంతలో రెండో గుంట తవ్వించాం. ఏరియేటర్లు ఎక్కువయ్యాయి. లోడు పెంచాలంటే కరెంటు అధికారి వచ్చి వైరింగు చూసి సరే అనాలి. నాకు ఒక్కసారిగా ఊపిరి ఆడింది. చట్టం చెప్తే వినడా, చూద్దాం, అనుకున్నాను.

అధికారి మా వైరింగు చేసిన వైర్‌మ్యాన్ అన్నతో కలిసి వచ్చాడు. నల్లటి బూట్లు, నెత్తిన టోపీ, చేతిలో ఫైలు, జేబులో టెస్టరు. గుమ్మం దగ్గర వరసగా విడిచిన చెప్పులు చూశాడు. లోపల అమ్మవారి పటం, అగరుబత్తి పొగ చూశాడు. నేను 'సార్, వద్దు' అనేలోగా బూట్లు విప్పేశాడు! మేజోళ్ళు కూడా తీసి బూట్లలో దోపాడు. ఆ పొద్దున్నే మామ షెడ్డు కడిగించాడు. తడి గచ్చు మీద ఉత్త కాళ్ళతో పోయి, భక్తిగా వంగి, అమ్మ పాదాలు తాకాడు.

"అమ్మో!" అని ఒక్క గెంతు గెంతి గుమ్మంలో పడ్డాడు. ఫైలు ఒకవైపు, టోపీ ఒకవైపు.

చూడ్డానికొచ్చిన పక్క గుంట ఆసామి చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "చూసినారా సార్! మిమ్మల్ని గూడా పలకరించింది! అందురినీ పలకరించదు సార్!"

"పలకరించడం కాదయ్యా, రమ్మని పిలుస్తా ఉంది!" అన్నాడాయన గచ్చు మీద కూర్చునే. చెయ్యి రుద్దుకుంటూ బూట్లు తొడుక్కుని, టెస్టరు తీసి పెట్టె తలుపుకు ఆనించాడు. టెస్టరులో దీపం వెలిగింది. వైర్‌మ్యాన్ అన్న ముఖంలో దీపం ఆరింది.

పెట్టె నుంచి ఎర్తు వైరు ఎక్కడికి పోయిందో చూద్దాం పదండన్నాడు అధికారి. షెడ్డు వెనక ఒక ఇనప కడ్డీ పాతి దానికి చుట్టారు. ఉప్పుగాలికి ఆ కడ్డీని నేలమట్టంలో తుప్పు పూర్తిగా తినేసింది. వైర్‌మ్యాన్ అన్న పట్టుకుని ఊపితే చేతికొచ్చింది. లోపల ఎక్కడో కారుతున్న కరెంటు నేలలోకి పోయే దారిలేక, పెట్టె ఒంటి మీదే కూర్చుని ఉంది. మా మామ రోజూ దానికి దారి చూపిస్తున్నాడు, తన ఒంటిలోంచి.

అధికారి వరసపెట్టి చెప్పాడు. రెండు ఎర్తు గుంటలు తవ్వాలి, ప్లేటు దించి బొగ్గూ ఉప్పూ పోయాలి, అప్పుడప్పుడూ నీళ్ళు పోస్తుండాలి. కరెంటు కారితే దానంతటదే పడిపోయే ట్రిప్పు పెట్టాలి. పెట్టె ముందు రబ్బరు చాప పరచాలి. రొయ్యల గుంటలో దిగేముందు మెయిన్ స్విచ్చి తీయాలి. ఇవి లేకుండా సంతకం పెట్టనన్నాడు.

"ఉప్పు నేలలో మళ్ళా ఉప్పేంది సార్? సముద్రం ఆ కనపడేదే గదా" అన్నాడు మామ.

"సముద్రాన్ని అడిగి సంతకం పెట్టించుకోండి అయితే" అన్నాడు అధికారి. నాకు ఆ మనిషి భలే నచ్చాడు.

పటం సంగతి ఏం చేయమంటారని నేనే అడిగాను. ఆయన పటం వంక ఒకసారి చూసి, చెంపలు వేసుకుని, "తీయమని రాసేదానికి నాకు చెయ్యి రాదమ్మా. ఉండనీయండి. పెట్టెకు ఎర్తు మాత్రం సరిగ్గా ఉండాలి" అన్నాడు.

కరెంటు కారుతున్న తీగ కూడా మార్పించి, అన్నీ చేయించాం. ఆయన మళ్ళీ వచ్చి, ఈసారి బూట్లు విప్పకుండా, దూరం నుంచి దణ్ణం పెట్టి, టెస్టరు ఆనించి చూసి సంతకం పెట్టాడు. ఆ రోజు నేను పాయసం చేశాను. కడుపునిండా తిన్నాను కూడా.

మర్నాడు మామ షెడ్డు నుంచి తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "అమ్మ పలకరించలేదు" అన్నాడు.

ఆ మర్నాడూ లేదు. పొంగలి పెట్టాడు, లేదు. నిమ్మకాయ దండ వేశాడు, లేదు. మనిషి సగమైపోయాడు. "మూడు పంటలు ఆ యమ్మ పలుకుతోనే చేతికొచ్చినాయి. ఎర్తు ఎర్తు అని అమ్మను భూమిలోకి పంపించేసినారు మీరంతా కలిసి" అన్నాడు నావైపు చూడకుండా. నవ్వొచ్చింది, జాలీ వేసింది. గుంటలో రొయ్యపిల్ల వదిలి ఉన్నాం, పంట పోతుందని ఆయన నిజంగానే బెంగపడుతున్నాడు. జతగాడు వచ్చి పటం తాకి, ఏమీ జరక్కపోయేసరికి పెదవి విరిచి వెళ్ళిపోయాడు. అది ఇంకా కుంగదీసింది.

నాలో జాలి ఎంతోకాలం నిలవలేదు. ఒక ఉదయం కాఫీతో పోయేసరికి మామ పెట్టె పక్కన ఒంగి ఉన్నాడు. చేతిలో స్పానరు. ఎర్తు వైరు బోల్టు సగం ఊడదీశాడు.

కాఫీ కట్ట మీదే ఒలికిపోయింది. "మామా! చెయ్యి తియ్యి!" అని నేను పెట్టిన కేకకు కట్ట మీద కొంగలు లేచాయి.

"ఒక్కసారిమే. ఉండాదో పోయిందో చూసి మళ్ళా బిగించేస్తా" అన్నాడు, దొంగతనంగా బెల్లం తింటూ దొరికిన పిల్లాడిలా.

స్పానరు లాక్కున్నాను. అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది. మా పక్కింటాయన్ను మంచం మీద ఎట్లా తెచ్చారో, ఆయన కోడలు గుమ్మంలో ఎట్లా కూలిపోయిందో అంతా చెప్పాను. "నాకు మా నాయన లేడు, ఉన్నది నువ్వే. నిన్ను కూడా అట్లా మోసుకొస్తే చూడమంటావా? నీకు అమ్మ కావాలి సరే, నాకు నువ్వు అక్కర్లేదా?" అన్నాను. నేను ఆరోజే వైర్‌మ్యాన్ అన్నను పిలిపించి ఆ బోల్టు మీద వెల్డింగు పెట్టించాను. స్పానరు బియ్యం డబ్బాలో దాచాను. మామ నాతో రెండు పూటలు మాట్లాడలేదు, మూడోపూట పులుసు బాగుందన్నాడు.

పంట సగంలో ఉండగా ఒక మధ్యాహ్నం ఏరియేటరు చక్రానికి తాడు చుట్టుకుని ఆగింది. మెయిన్ తీస్తే మిగతా చక్రాలూ ఆగుతాయని మామ కరెంటు ఉండగానే నడుములోతు నీళ్ళలో దిగాడు. నేను కట్ట మీద మేత బస్తాల దగ్గర ఉన్నాను, చూడలేదు. ఉన్నట్టుండి మా చక్రాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"కరెంటోళ్ళకు పొద్దూ పాడూ లేదు!" అని తిట్టుకుంటూ మామ పైకొచ్చాడు. చూస్తే పక్క గుంటలో చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. షెడ్డులోకి పోతే ట్రిప్పు పడి ఉంది. పైకెత్తాడు, పడింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పడింది. వైర్‌మ్యాన్ అన్న వచ్చి మెయిన్ తీసి, గుంటలోంచి కేబులు పైకి లాగాడు. మామ నిలబడి తాడు విప్పిన చోటే, పైతొడుగు చిరిగి రాగి తీగ కనిపిస్తోంది.

"ట్రిప్పు లేకుంటే పెద్దాయనా..." అని ఆపేశాడు అన్న.

ఇంటికి నడుస్తుంటే మామ నా చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకున్న మనిషి కాదు.

ఆ తర్వాత వానలు పట్టాయి. ఒకరోజు అందరం అన్నాలు తింటుంటే పక్క గుంట ఆసామి గొడుగు మూసుకుంటూ వచ్చాడు. ముఖం నిండా నవ్వు. "చెప్తే బాధపడతావేమో అబ్బయా. మీ అమ్మ అలిగి నా దగ్గిరికొచ్చేసింది! నేను గూడా నా పెట్టెకు పటం పెట్టినా గదా, మొన్నటి వానకాడ్నించి పలకరిస్తా ఉండాది. నీ దగ్గిర వేలిదాకానే, నాకు మోచేతి దాకా! మా ఆడమనిషి గూడా దణ్ణం పెట్టుకుంటానని, తలకు పోసుకొని ఇప్పుడే పొంగలి తీసకపోతా ఉండాది."

మామ చేతిలో ముద్ద కంచంలో పడింది. చెయ్యి కడుక్కోలేదు, గొడుగు తీసుకోలేదు. ఆ వయసులో ఆయన అట్లా పరుగెత్తగలడని నేననుకోలేదు. నేను వైర్‌మ్యాన్ అన్నకు ఫోను చేస్తూ వెనకే పరుగెత్తాను. ఏమైందో అర్థంకాక జతగాడు మా వెనక.

జతగాడి భార్య వాళ్ళ షెడ్డు గుమ్మం దాకా వచ్చేసింది. తడి జుట్టు, తడి కాళ్ళు, చేతిలో పొంగలి గిన్నె. "ఆగు చెల్లెమ్మా! ఆడే ఆగు!" అని మామ కట్ట అదిరేలా అరిచాడు. ఆమె బిత్తరపోయి ఆగింది. ఆయన షెడ్డులోకి పోనేలేదు. చూరు కింద ఆనించి ఉన్న ఎండుకర్ర అందుకుని, బయట స్తంభం దగ్గరున్న మెయిన్ పిడిని కిందికి కొట్టాడు. ఆ గుంటలో చక్రాలన్నీ నిలిచిపోయాయి.

జతగాడు గుండెలు బాదుకున్నాడు. "ఏం పని చేసినావబ్బయా! నా రొయ్యలు! జనరేటరు గూడా లేదు నాకు!"

మామ రొప్పుతూ స్తంభానికి ఆనుకున్నాడు. "మాది తెచ్చి పెడతాలే. పోయినా, రొయ్యలు మళ్ళా పంటకొస్తాయిరా. మా చెల్లెలు రాదు" అన్నాడు.

మా ఆయన జనరేటరును ట్రాక్టరులో వేసుకొచ్చేదాకా ఆయన ఆ గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు.