ఒక్క అచ్చు

నరసరావుపేటలో కృత్రిమ కాళ్ల తయారీ నేర్పే మా శిక్షణ కేంద్రానికి మొదట్లో విదేశాల వాళ్లు ఓవెన్లూ మిషన్లూ ఇచ్చారు. మాతో ఫొటోలు దిగారు. రెండేళ్లకు వెళ్లిపోయారు. మిషన్లు మిగిలాయి గానీ ప్లాస్టర్ పొడి రావడం ఆగిపోయింది. పాఠాలు చెప్పే నా ఉద్యోగం మాత్రం ఆగలేదు, అదే నా ఖర్మ.

కాలు పోగా మిగిలిన భాగానికి ప్లాస్టర్ పట్టీ తడిపి చుట్టి, ఆరాక తీసి, అందులో ప్లాస్టర్ పోస్తే అచ్చు వస్తుంది. దాన్ని ఆకురాయితో చెక్కాలి. ఎముక తగిలే చోట మాత్రం చెక్కకుండా ఇంకాస్త ప్లాస్టర్ అద్దాలి. అలా అయితేనే అచ్చు మీద వేడి ప్లాస్టిక్‌తో చేసిన తొడుగు ఎముకను నొక్కదు. ఇది ఒక్కొక్కరూ పదిమంది కాళ్ల మీద నేర్చుకోవాల్సిన పని. ఉన్న కాస్త ప్లాస్టర్ రోగుల కోసం దాచాల్సి రావడంతో మా దగ్గర నేర్చుకోవడానికి ఒక్క అచ్చే ఉండేది, లారీ కింద పడి కాలు పోగొట్టుకున్న ఒక పెద్దాయనది. ఒకరు చెక్కాక నేను మళ్లీ పూడ్చేవాణ్ని, ఇంకొకరు చెక్కేవారు. ఆయన చనిపోయాక కూడా నాలుగు బ్యాచిలు ఆ కాలి మీదే నేర్చుకున్నాయి. ఎంత పొదుపు చేస్తున్నానో అని మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా.

కారంపూడి నుంచి వచ్చిన దర్జీ గారి అమ్మాయి అందరికంటే చురుకు. ఆ అచ్చును కళ్లు మూసుకుని చెక్కేది. ఆమె చేసిన మొదటి అసలు కాలు నకరికల్లు దగ్గర మిరపకోతలకు వెళ్లే ఒక కూలీ ఆవిడకు. ఆవిడకు మోకాలి కింద మిగిలిన భాగం పొట్టి, ఎముక చివర ఇంకా పైన ఉంది. అమ్మాయి అలవాటు కొద్దీ పెద్దాయన ఎముక ఉన్న చోటే ప్లాస్టర్ అద్దింది. నేను చూసి సంతకం పెట్టాను. నా కంటికీ ఆ ఒక్క కాలే అలవాటు.

ఆవిడ నొప్పి ఓర్చుకుని చేలో తిరిగింది. పుండు పడి చీము పట్టింది. గుంటూరు ఆసుపత్రిలో మోకాలి పైదాకా తీసేశారు.

అమ్మాయి మళ్లీ రాలేదు. వాళ్లింటికి వెళితే కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే మాట్లాడింది.

"జాకెట్టుక్కూడా మనిషి మనిషికీ కొలత తీస్తాం సార్. మీరు మాకు ఒకటే కాలు నేర్పారు."

మొన్న ఆ కూలీ ఆవిడే చంకకర్రలతో వచ్చింది, ఇంకో కాలు కుదురుతుందేమోనని. మోకాలి పైనుంచి పోయిన కాలికి ఎలా చేయాలో మా దగ్గర పుస్తకంలోనే ఉంది. నేను ఆ పుస్తకం తిరగేస్తుంటే ఆవిడ బల్ల మీది అచ్చును చూసింది.

"ఏంది సారూ అది? ఎవురి కాలు?"

చెప్పాను. అందరూ దాని మీదే నేర్చుకుంటారనీ చెప్పాను.

"అయితే నాకు పెట్టింది ఆయన కాలేగా," అంది. "ఆ పిల్లనేం అనమాకండి సారూ. నా కాలు చానా మెత్తంగా పట్టుకునేది."

ఆవిడ వెళ్లగానే ఆ అచ్చును నేలకేసి కొట్టాల్సింది. సోమవారం కొత్త బ్యాచి వస్తోంది. గుడ్డతో తుడిచి బీరువాలో పెట్టాను.