అద్దంలా ఊడ్చిన కొట్టు

వీధిలో అందరికీ ఆమె జిగురు పిన్ని. పాతికేళ్లుగా పుస్తకాలు బైండింగ్ చేస్తుండటంతో వేళ్ల చివర్లకు జిగురు ఎండి పొరలు కట్టి ఉంటుంది. "నా వేలిముద్ర పడదు, సంతకమే పెడతాను" అని ఎక్కడికెళ్లినా ముందే చెప్పేస్తుంది. నిజంగానే పడదు.

ఆ ఏడు ఆమెకు గట్టి చిక్కే వచ్చిపడింది. కాగితం కోసే పాత చేతి మిషను విరిగి మూలన పడింది. చేతిలో చూస్తే మూడు బడుల హాజరు రిజిస్టర్ల ఆర్డరు. అంచులు కోయించడానికి అవన్నీ మోసుకుని ఊరి అవతల ప్రెస్సుకు తిరిగి తిరిగి నడుం పడిపోయింది. "వచ్చే ఏడాదికి సొంత మిషను లేకపోతే ఆర్డరు ఆ ప్రెస్సుకే ఇస్తాం" అని బడివాళ్లు మొహం మీదే చెప్పేశారు. అది పోతే కొట్టుకు తాళమే. రోజువారీ వసూలు వాళ్లు అడక్కుండానే అప్పిస్తామన్నారు గానీ, వాళ్ల వడ్డీ కడితే జిగురుకు కూడా మిగలదు. అందుకే సర్కారు బ్యాంకు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి, "గురువారం ఆఫీసరు వచ్చి కొట్టు చూస్తారు, పని నడుస్తోందంటే లోను వస్తుంది" అన్నారు.

ఇక చూడాలి పిన్ని వాళ్లక్క హడావిడి. ఆమెకు శుభ్రత పిచ్చి.

"బ్యాంకు సారు వస్తుంటే ఈ చెత్తలో కూర్చోబెడతావా? పరువు పోదూ!"

కుట్టిన పుస్తకాలు, కుట్టని కాగితాలు, అట్టలు, దారపుండలు అన్నీ పక్కనున్న సెలూనులోకి చేరవేయించింది. నేల కడిగింది. బల్ల మీద పూల గుడ్డ పరిచింది. అది చూసి పిన్ని కూడా మురిసిపోయింది, పిచ్చి తల్లి.

ఆఫీసరు వచ్చాడు. నాలుగు గోడలూ చూశాడు, పూల గుడ్డా చూశాడు.

"ఇక్కడ ఏం పని చేస్తారమ్మా?"

"బైండింగండీ."

"ఏదీ?"

పిన్ని "మీరొస్తున్నారని సర్దేశామండీ" అంది. ఎంత తెలివితక్కువ జవాబో అంటుండగానే తెలిసింది.

"ఇలాంటి ఖాళీ కొట్లు చాలా చూశానమ్మా. లోను కోసమే అద్దెకు తీసుకుంటారు" అంటూ ఆయన పెన్ను మూత తీశాడు. ఆ కాగితం మీద ఒక్క ముక్క రాస్తే పాతికేళ్ల కష్టం గాలిలో కలిసినట్టే.

అంతలో పక్క సెలూను కుర్రాడు చేతిలో దువ్వెనతోనే ఊడిపడ్డాడు.

"పిన్నీ, నీ పుస్తకాలు తీసుకెళ్తావా లేదా? కూర్చునే జాగా లేక జనం నిలబడే గడ్డం గీయించుకుంటున్నారు!"

పెన్ను ఆగింది. ఆఫీసరు అతని వెంటే సెలూనులోకి వెళ్లాడు. కుర్చీల మీద, అద్దం కింద, ఆఖరికి సబ్బు గిన్నెల పక్కన కూడా రిజిస్టర్లే. ఒకటి తీసి వెన్ను వంచి చూశాడు, కుట్టు లాగి చూశాడు. మొహం నిండా నురగతో నిలబడ్డ ఒక పెద్దాయన కల్పించుకున్నాడు.

"ఊడదు లెండి. ఈవిడ కుట్టిన పుస్తకాన్ని మా మనవడు నాలుగేళ్లుగా పీకుతూనే ఉన్నాడు."

ఆఫీసరు నవ్వేశాడు. "పనంతా దాచేస్తే నన్నేం చూడమంటావమ్మా?" అని అక్కడే నిలబడి రాసుకున్నాడు, పని నడుస్తోందని. పిన్నికి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఎన్ని నెలల తర్వాతో గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

నెల తిరక్కుండా మిషను వచ్చింది. మొదటి రోజే కాగితపు ముక్కలు చీలమండల దాకా పేరుకున్నాయి. అక్క ఉండబట్టలేక చీపురు అందుకుంది.

పిన్ని దాన్ని లాక్కుని బల్ల వెనక దాచేసింది. "ఉండనీ అక్కా. మిషను చూడటానికి సారు మళ్లీ వస్తారట!"