నా ఇంటిపేరుకు ఎవరి అనుమతి?

ఇటలీలో పన్ను నంబరు లేనిదే బతుకు లేదు. పని దొరకదు, గది అద్దెకు దొరకదు. ఒక వృద్ధాశ్రమంలో నాకు నర్సు ఉద్యోగం ఖాయమైంది, ఆ నంబరొక్కటే తక్కువ. కార్డు చేతికొచ్చిన రోజు మురిసిపోయాను. ఆ మురిపెం ఆశ్రమం గుమ్మం దాకా కూడా నిలవలేదు.

అక్కడ ఆ నంబరును మనిషి పేరులోంచే తయారుచేస్తారు. ముందు ఇంటిపేరు అక్షరాలు, తర్వాత సొంత పేరువి. మామూలుగా పేరు రాసేటప్పుడు మాత్రం మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం, వాళ్లు చివర రాస్తారు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరంతా ఒకేచోట ఉంది. ఇంకేం, పన్నుల ఆఫీసు కౌంటర్లోని పిల్ల నా పేరును ఇంటిపేరు చేసి, మా నాన్న ఇంటిపేరును నాకు పేరుగా పెట్టేసింది. ఆశ్రమం కాగితాలకూ దీనికీ పొంతన లేదు. సరిచేయించుకురాకపోతే ఉద్యోగం ఇంకొకరికిస్తామన్నారు. నా పేరేదో నేను చెబితే చాలదట, మా ఊరి ఆఫీసు ముద్ర కావాలట! తిట్టుకుంటూ మెదక్ వచ్చిపడ్డాను.

అవి తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న రోజులు. ఆఫీసులు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో తెలియదు. దానికి నాకు కోపం రాలేదు. నేనూ టెంటులో కూర్చుని గొంతు పోయేదాకా అరిచాను. అక్కడ అందరికన్నా పెద్ద గొంతు తహసీల్దారు ఆఫీసులో సర్టిఫికెట్లు రాసే గుమాస్తాది. బండి ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాయించుకున్నాడు. పోలీసులు ఆపితే, "మా పేరు మేం రాసుకుంటం, మీకేంది?" అన్నాడట. ఆ మాటకు మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆఫీసు తెరిచిన రోజు పొద్దున్నే వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. దరఖాస్తు చదివి నొసలు ముడిచాడు.

"పెండ్లయింది గద చెల్లె? తల్లిగారింటి పేరు రాసినవేంది?"

"నా సదువు సర్టిఫికెట్లల్ల, పాస్‌పోర్టుల అన్నిట్ల గదే ఉందన్నా."

"ఉంటే ఉండనీ. పెండ్లయినంక అత్తగారింటి పేరే. గట్లనే రాస్త."

"గట్ల రాస్తే నా నౌకరి పోతది!"

"పోతే నేనేం జెయ్యాలె?"

ఒళ్లు మండిపోయింది. ఆ ఇటలీ పిల్లకైతే మన పద్ధతి తెలియదు, ఈయనకేమొచ్చింది? పుట్టిననాటి నుంచి నాతో ఉన్న పేరును కొట్టేయడానికి ఈయనెవరు? కిటికీలోంచి ఆయన బండి కనిపించింది.

"బండి మీద నీ పేరు నువ్వు రాసుకుంటివి. నా కాయితం మీద నా పేరెందుకు రాయవన్నా?"

వెనక వరుసలో నవ్వారు. ఆయన ముఖం మాడిపోయింది.

"గది ఉద్యమం."

"నాది గూడ గదే."

నేనడిగిన పేరే ఇంగ్లీషులో రాసి, ముద్ర కొట్టి, కాగితం నా ముందుకు విసిరాడు. గెలిచాననుకున్నాను. హైదరాబాద్ బస్సెక్కాక తీరిగ్గా చదివితే, చివర ఒక ముక్క ఉంది: "భర్తకు అభ్యంతరం లేనందున." ఆ పూట మా ఆయన హవేలిఘనపూర్‌లో నాట్లు వేయిస్తున్నాడు. ఆయన్ను అడిగినవాడెవడు? వెనక్కి వెళ్దామంటే మర్నాటి నుంచి మళ్లీ సమ్మె, ఆ రాత్రికే నా విమానం.

ఇటలీలో మళ్లీ అదే కౌంటరు, అదే పిల్ల. వేలు పెట్టి చదువుతూ చివరి ముక్క దగ్గర ఆగింది. "మీ పేరు మీరు రాసుకోవడానికి ఆయన ఒప్పుకోవాలా?" అంది. నా పేరును తలకిందులు చేసిన పిల్ల నన్ను చూసి జాలిపడింది! కార్డు సరిచేసి ఇచ్చింది, ఉద్యోగం దక్కింది. ఆ జాలి చూపు తెచ్చిపెట్టినందుకు గుమాస్తాను మాత్రం నేనింకా క్షమించలేదు.

తర్వాత తెలంగాణ వచ్చింది. బండ్ల మీద టీజీ కాదు, టీఎస్ రాయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ గుమాస్తా కూడా చెరిపి రాయించుకున్నాడట. ఆయనకు అభ్యంతరం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు.