గడప దాటేదాకా

ధర్మవరం బస్టాండు ఎదుట అన్న ఆదెప్ప నడిపే హోటల్లో కుళ్లాయప్ప సప్లయర్. ఒకప్పుడు అన్ని టేబుళ్ల ఆర్డర్లూ ఒక్క ఊపిరిలో వంటింటికి వినిపించేవాడు. తర్వాత జబ్బు చేసింది. కొన్ని నెలలు నిద్ర లేకుండా ఊరంతా తిరిగాడు, కొన్ని నెలలు మంచం దిగలేదు. బైపోలార్ అని చెప్పి హిందూపురం డాక్టరు ఇచ్చిన మాత్రలతో రెండూ తగ్గాయి. జ్ఞాపకం మాత్రం మునుపటిలా లేదు. ఇప్పుడు తువ్వాలు కొసను వేలికి చుట్టుకుంటూ, ఒక్కో టేబులే అడిగి, పెదవులు కదుపుతూ లోపలికి నడుస్తాడు. ఆ ఉదయం పెనుకొండ బస్సుకు పోవాల్సిన ఒకాయన దగ్గరికి మూడోసారి తిరిగొచ్చి, "ఏం చెప్పినావప్పా?" అన్నాడు. ఆయన విసురుగా లేచి వెళ్లిపోయాడు.

"రోగం తగ్గిందని డాక్టరు చెప్పె కదరా! ఇంగా ఏమొచ్చె నీకు?" గల్లా దగ్గర్నుంచి ఆదెప్ప అరిచాడు. "రేపట్నించి టేబుళ్లకు నీళ్లు పోస్తా ఉండు, చాలు!"

"నాకూ యాష్టగానే ఉండాదిన్నా, నామింద నాకే ఇసుగు. రెండిడ్లీ, ఒక వడ అనుకుంటానే పోతాండా. గడప కాడికి పోతూనే నువ్వు 'బిరీన రా' అంటావు. అంతా పోతాది. అరుచు, వద్దనను. నేను లోపల చెప్పినంక అరుచు."

కుళ్లాయప్ప పక్క టేబుల్‌కి వెళ్లి అడిగి, గొణుక్కుంటూ కదిలాడు. ఆదెప్ప పళ్లు బిగబట్టి చూస్తున్నాడు. "రెండు దోసె!" అన్న కుళ్లాయప్ప కేక లోపల్నుంచి వినపడింది.

అప్పుడు అరిచాడు ఆదెప్ప, హోటలంతా అదిరేలా: "బిరీన రారా!"